టేపు పారేసే హక్కు మీకెవరిచ్చారు?

క్యాసెట్టును ఎంపీ3 చేయించి, ఆ సాయంత్రమే క్యాసెట్టును చెత్తలో కలిపేస్తున్న ఇళ్లు మా నూజివీడు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. దీనికి ఇల్లు సర్దుకోవడమని పేరు పెట్టుకున్నారు. నేను దీన్ని విధ్వంసం అంటాను. ఈ పని చేస్తున్నది అక్షరం ముక్క రానివాళ్లు కాదు. పిల్లలు డాలస్‌లోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో రెండేసి ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు, తాతగారి గొంతు వినపడితే కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్ల ప్రేమను నేను శంకించను. వాళ్లకు నిజం చెప్పినవాళ్లు లేరు. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లు చెప్పాలి. చెప్పలేదు, చెప్పరు. కాబట్టి నేను చెబుతాను. మెత్తగా మాత్రం చెప్పను.

1980ల్లో రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ ఇన్ వన్ మా పల్లెలకు వచ్చింది. కాపు బాగా కాసి, రేటు పలికిన ఏడు తోటల రైతులు ముచ్చటపడి కొన్న వస్తువుల్లో అదొకటి. ఎర్ర బొత్తాం, ప్లే బొత్తాం కలిపి నొక్కితే గొంతు టేపు మీదికి ఎక్కుతుందని తెలిశాక జనం ఆగలేదు. శ్రీరామనవమి పందిట్లో హరిదాసు గారి మైకు పక్కన టేపు రికార్డరు పెట్టారు. బుర్రకథ రాత్రంతా సాగితే సి-90 క్యాసెట్లు మార్చి మార్చి ఎక్కించారు. తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు పాడిన ముత్తయిదువుల గొంతులు ఎక్కాయి. నాట్లేసే ఆడవాళ్ల పాటలు ఎక్కాయి. పద్యనాటకంలో వన్స్‌మోర్ పడిన పద్యాలు, ఆ వన్స్‌మోర్ అరుపులతో సహా ఎక్కాయి. కువైట్ వెళ్లిన కొడుకు, చదవడం రాని తల్లికి క్యాసెట్టులో మాట్లాడి పంపాడు. ఆమె రెండో వైపు ఏడుస్తూ జవాబు చెప్పింది.

ఘంటసాల భగవద్గీత క్యాసెట్టు పోయిందంటే కొంపలేం మునగవు. దాని మాస్టరు కంపెనీ దగ్గర ఉంది. మీ నాయనమ్మ పాడిన అప్పగింతల పాట సంగతి వేరు. దానికి భూమ్మీద ఒకే ఒక్క ప్రతి ఉంది, అది మీ అటక మీద ఉంది. మాస్టరు టేపు అంటే అదే. దాన్ని కాపాడాల్సిన కంపెనీ, గ్రంథాలయం, ప్రభుత్వం అన్నీ మీరే. మీరు పారేస్తే వెతుక్కోవడానికి ఇంకో చోటు లేదు.

‘రేడియోలో వచ్చినవి ఆకాశవాణి దగ్గర ఉంటాయిలే’ అని ఇంకో మాట వింటుంటాను. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణ గారు అక్కడ ఉన్న రోజుల్లో రూపుదిద్దుకున్న భక్తిరంజని, ఉషశ్రీ గారి రామాయణ భారత ప్రసంగాలు మా ఇళ్లలో తెల్లవారుజాములనీ ఆదివారం మధ్యాహ్నాలనీ ఏలాయి. వాటిని రేడియోలోంచి టేపులోకి ఎక్కించుకున్న ఇళ్లు కృష్ణా జిల్లా అంతటా ఉండేవి. సంస్థ దగ్గర అన్నీ భద్రంగా ఉంటాయని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో బిబిసి చరిత్ర చెబుతుంది. 1960ల్లో అది ప్రసారం చేసిన ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు చాలావాటిని బిబిసియే చెరిపేసింది, టేపులు మళ్లీ వాడుకోవచ్చని. బొమ్మలు పోయాయి. శబ్దం మాత్రం మిగిలింది, పోయిన ప్రతి ఎపిసోడ్‌దీ మిగిలింది. ఎలాగంటే, ఇళ్లలో కుర్రాళ్లు టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకుని రికార్డు చేసుకున్నారు కనుక. అంత పెద్ద సంస్థ పోగొట్టుకున్నదాన్ని ఊరూపేరూ లేని ఇళ్లు నిలబెట్టాయి. మన ఇళ్లలో ఉన్నదాన్ని మనమే తీసుకెళ్లి చెత్తలో పోస్తున్నాం.

ఇప్పుడు ఎంపీ3 సంగతి. దాని మీద నాకు పగ లేదు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు మనిషి చెవి దేన్ని వింటుందో దేన్ని వదిలేస్తుందో ఏళ్ల తరబడి పరిశీలించి తయారుచేసిన పద్ధతి అది. టెలిఫోను లైను మీద సంగీతం పంపాలన్న ఆలోచనతో బయల్దేరిన పరిశోధన. 1995 జులైలో ఆ ఫైళ్లకు చివర ఎంపీ3 అనే గుర్తు పెట్టుకున్నారు. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఆనదు, ఆననిదాన్ని మోయడం దండగ అన్నది సూత్రం. గొప్ప తెలివి. కానీ ఆ తెలివికి మూల్యం ఉంది. సీడీలో సెకను శబ్దానికి 1,411 కిలోబిట్లు ఉంటాయి. 128 కిలోబిట్ల ఎంపీ3లో అందులో పదకొండో వంతు మిగులుతుంది. 64 కిలోబిట్లలో ఇరవైరెండో వంతు. తక్కినదాన్ని మడత పెట్టి ఎక్కడో దాచిందనుకుంటున్నారు చాలామంది. దాచలేదు. పారేసింది. ఏ కంప్యూటరూ, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

ఏం పారేసిందో మా ఊరి వీణ పెట్టి వింటే చెవికే తెలుస్తుంది. నూజివీడు అనగానే బయటివాళ్లకు చిన్నరసాలు గుర్తొస్తాయి, సంగీతం తెలిసినవాళ్లకు వీణలు గుర్తొస్తాయి. పనస కొయ్య తొలిచి, మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటీ శ్రుతి చూసుకుంటూ కూర్చే పని అది. ఆ మెట్టు వెంట్రుకవాసి జరిగినా ఒప్పుకోని చెవి ఆ పనివాళ్లది. వీణ తీగ మీటినప్పుడు మొదట గోటి దెబ్బ పుడుతుంది, దాని వెనకే నాదం సాగుతుంది. ఆ మొదటి దెబ్బలోనే మీటిన వేలెవరిదో తెలుస్తుంది. ఎంపీ3 ఏం చేస్తుందంటే, శబ్దాన్ని సెకనులో వెయ్యింట 26 వంతుల పొడవున్న ముక్కలుగా తీసుకుని లెక్క కడుతుంది. బిట్లు చాలకపోతే ఆ లెక్కలో వచ్చే తప్పు ముక్క అంతటా పరుచుకుంటుంది, మీటు పడకముందున్న నిశ్శబ్దంలోకి కూడా. తీగ మీటకముందే దాని రొద వినపడుతుంది. నిపుణులు దీన్ని ప్రీ ఎకో అంటారు. దానికి విరుగుడుగా ముక్కను ఇంకా చిన్నగా కోసే ఏర్పాటు ఎంపీ3లో ఉంది కానీ, 64 కిలోబిట్ల దగ్గర అది ఆదుకోదు. పక్కనున్న మూడు తాళం తీగల మెరుపు ఎటూ దక్కదు. వీణ ఉంటుంది, వాయించిన మనిషి ఉండడు.

హరికథ పరిస్థితి ఇంకా అన్యాయం. చిడతల గలగలంతా పై స్థాయి శబ్దాల్లో ఉంటుంది. 64 కిలోబిట్ల ఫైలు సుమారు 11 వేల హెర్ట్జ్‌కు పైనున్నదాన్నంతా కోసేస్తుంది. మిగిలిన చిడతల చప్పుడు నీళ్లు సుడి తిరిగినట్టు సుయ్‌సుయ్‌మంటుంది. దాసుగారు చిడత వేసి ఆపి, ఒక క్షణం జనాన్ని చూసి, మళ్లీ అందుకునే ఆ విరుపు కథకు ప్రాణం. అది పోయాక మిగిలేది కథ సారాంశం. దానికి దాసుగారు ఎందుకు, పుస్తకం చాలు.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అదీ కాస్త తెలిసినవాళ్లు: ‘అసలు క్యాసెట్టులోనే అంత నాణ్యత లేదు కదా, బుస్సుమని రొద, దానికి కుదించని వేవ్ ఫైలు ఎందుకు?’ ఈ వాదన పూర్తిగా తలకిందులు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన ఈ క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల మెల్లని వేగంతో నడుస్తుంది, కాబట్టి రొద తప్పదు, నిజమే. కానీ రొద అనేది కుదించడానికి అన్నిటికంటే మొండి శబ్దం. ఎంపీ3 చేతిలో ఉన్న కాసిని బిట్లూ ఆ రొదను మోయడానికే ఖర్చవుతాయి, గొంతుకు మిగలవు. స్టూడియోలో తీసిన శుభ్రమైన పాట 128లో బాగానే వినిపిస్తుంది. అదే 128లో మీ పందిరి హరికథ నలిగిపోతుంది. పాత రికార్డింగు పాతది కాబట్టే దానికి ఎక్కువ చోటు కావాలి. ఇంకొకటి: రేపు ఎవరైనా ఆ రొదను తీసేసి గొంతు బయటికి లాగాలంటే, రొద ఉన్నదున్నట్టు ఉండాలి. దాని తీరు తెలిస్తేనే సాఫ్ట్‌వేరు దాన్ని వేరు చేయగలదు. ఎంపీ3లో రొద కూడా చెడిపోతుంది, గొంతూ చెడిపోతుంది, రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. మా మేనత్త పెళ్లిళ్లలో పాడేది. ఆమె పాటలున్న క్యాసెట్లు ఒక దుకాణంలో ఇస్తే, పెన్‌డ్రైవులో వేసి, ‘హెచ్‌డీ, 320 కిలోబిట్లు చేశాం’ అన్నారు. క్యాసెట్లు ఏవంటే ‘ఇంకెందుకండీ అవి’ అన్నారు. ఆ ఫైలు తెచ్చి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో తెరిచి, ఏ స్థాయిలో ఎంత శబ్దం ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ చూశాను. 11 వేల హెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోయి ఉంది. పైన ఏమీ లేదు. ముందు 64లో ఎక్కించి, తర్వాత దాన్నే 320గా మార్చారు. దానికి తోడు ‘నాయిస్ రిడక్షన్’ అని ఇంకో ముచ్చట: రొదతోపాటు ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు, సకారాలు, శకారాలు తుడిచిపెట్టారు. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. ఆ గొంతు ఇంక అంతే. ఇది పొరపాటు కాదు. 64 ఫైలును 320 అని అమ్మడం, నూనె కలిపి నెయ్యి అని అమ్మే కల్తీతో సమానమైన నేరం. తిండిలో కల్తీకి శిక్ష ఉంది. చనిపోయిన మనిషి గొంతులో కల్తీ చేస్తే అడిగేవాడు లేడు.

320 అన్న అంకె మీద జనానికున్న భక్తిని ఇలా సొమ్ము చేసుకుంటున్నారు. ఒకసారి ఎంపీ3 అయినదాన్ని 320గా మార్చినా, వేవ్‌గా మార్చినా, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌గా మార్చినా ఫైలు లావవుతుంది, అంతే. శబ్దంలోకి కొత్తగా చేరేది సున్న. పైగా ఎంపీ3 నుంచి ఎంపీ3కో, ఏఏసీ లాంటి ఇంకో కుదింపు పద్ధతికో మార్చిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. యూట్యూబ్ నుంచి 320 దింపిపెడతామని చెప్పే సైట్లన్నీ ఈ అబద్ధం మీదే బతుకుతున్నాయి. యూట్యూబ్ ఎక్కించిన ప్రతి వీడియో శబ్దాన్నీ తన పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. మామూలుగా మనకు అక్కడినుంచి వచ్చేది 128 కిలోబిట్ల ఏఏసీ, లేదా సుమారు 160 కిలోబిట్ల వరకు ఉండే ఓపస్. లేని 320 ఎక్కడినుంచి దిగుతుంది?

ఈ గొలుసు ఎంత పొడుగ్గా సాగుతుందో చూడండి. 2006 ప్రాంతంలో ఒకాయన నోకియా ఫోనులో బుర్రకథ రికార్డు చేశాడు. అది ఏఎమ్‌ఆర్ ఫైలు, టెలిఫోను మాటల కోసం పుట్టిన పద్ధతి, సెకనుకు ఎక్కువలో ఎక్కువ 12.2 కిలోబిట్లు. నాలుగు వేల హెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. గుమ్మెట మోత దానికి అందదు, వంత పాడేవాళ్ల ‘తందాన’ సగమే అందుతుంది. సరే, ఆనాడు చేతిలో ఉన్నది అదే, ఆయన్ను అనను, రికార్డు చేసినందుకు దణ్ణం పెడతాను. ఆ తర్వాత కొడుకు దాన్ని ఎంపీ3 చేశాడు. మనవడు దేవుడి బొమ్మ అతికించి వీడియో చేశాడు. అది వాట్సాప్‌లో తిరిగి కుదించుకుపోయింది. ఎవరో దాన్ని యూట్యూబ్‌లో ఎక్కించారు. ఇంకెవరో అక్కడినుంచి ‘320’ దింపి పెన్‌డ్రైవుల్లో పంచారు. ఇన్ని చేతులు మారిన ఫైలుకు అందరూ లైకులు కొట్టారు. మొదటి ఏఎమ్‌ఆర్ ఫైలు ఏదని అడిగితే ‘ఆ ఫోను ఎప్పుడో అమ్మేశాం’ అన్నారు. మామిడి తాండ్రను నీళ్లలో నానబెట్టి పిసికితే కొమ్మ మీది చిన్నరసం తిరిగి రాదని మా ఊళ్లో అయిదేళ్ల పిల్లకు తెలుసు. కంప్యూటరు ముందు కూర్చోగానే ఆ మాత్రం జ్ఞానం ఎక్కడికి పోతోంది?

‘చోటెక్కడిది?’ అంటారు. ఈ సాకు 2000లో చెల్లేది. సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కులో 1,500 గంటలకు పైగా పడుతుంది. అదే ఫ్లాక్ చేస్తే దాదాపు సగానికి తగ్గుతుంది, ఒక్క అంకె కూడా పోకుండా. ఫ్లాక్ 2001లో వచ్చింది, ఉచితం, ఎవరి సొంతమూ కాదు. తిరిగి వేవ్ చేస్తే మొదట ఉన్నది అంకె తేడా లేకుండా వస్తుంది. మీ ఇంట్లోని క్యాసెట్లన్నీ కలిపినా వంద గంటలు ఉండవు. పెళ్లి వీడియో డ్రోన్ షాట్లకు చోటుంది, ఫోనులో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలకు చోటుంది, నాయనమ్మ గొంతుకు లేదా?

రెండో సాకు ‘మాకు రాదు’. ఇది నేర్చుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. నడుస్తున్న టేపు డెక్కు ఒకటి సంపాదించండి, పాత సామాన్ల కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి. హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. శబ్దం మందంగా ఉంటే దాన్ని రవ్వంత అటూ ఇటూ తిప్పి, గొంతు ఎక్కడ తేటగా పలికితే అక్కడ ఆపండి. దుకాణాలవాళ్లు ఎగ్గొట్టే పనుల్లో మొదటిది ఇదే. ఈ ఒక్క నిమిషం పని చేయకపోతే పోయే పై శబ్దాలను ఏ ఫార్మాటూ తేలేదు. డెక్కు లైన్ అవుట్ నుంచి తీగ తీసుకోండి. ల్యాప్‌టాప్‌కుండే మైకు రంధ్రంలో గుచ్చొద్దు, అది సాధారణంగా ఒకే చానెల్, మైకు కోసం పెట్టింది. చిన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె కొనుక్కోండి. ఆడాసిటీ ఉచితం. 48 వేల హెర్ట్జ్, 24 బిట్లు పెట్టండి, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పే కనీస ప్రమాణం అదే. ముల్లు ఎక్కడా సున్నను తాకకుండా, గట్టి శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. మొదలుపెట్టాక మధ్యలో ముట్టుకోవద్దు. దగ్గు, కుక్క అరుపు, పక్కింటివాళ్ల మాటలు అన్నీ ఉండనివ్వండి. వేవ్‌గా భద్రపరచండి, ఫ్లాక్ చేయండి. ఇది మాస్టరు. దీనిమీద నాయిస్ రిడక్షన్ అనే బొత్తాం నొక్కడానికి వీల్లేదు. శుభ్రం చేయాలనుంటే కాపీ తీసుకుని దానిమీద చేసుకోండి.

ఆ తర్వాత ఎన్ని ఎంపీ3లైనా చేసుకోండి. కారులో వినడానికి, అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపడానికి ఎంపీ3 చక్కటి సాధనం, 192 పెడితే హాయిగా వినవచ్చు. ప్రతిసారీ మాస్టరు నుంచే చేయండి, ఇంకో ఎంపీ3 నుంచి చేయకండి. అసలు ఎంపీ3గానే పుట్టిన ఫైలులో ముక్క కత్తిరించాలంటే తెరిచి మళ్లీ ఎంపీ3గా ఎగుమతి చేయొద్దు. కుదించినదాన్ని విప్పకుండానే కోసే ఎంపీ3డైరెక్ట్‌కట్ లాంటివి ఉన్నాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది.

ఎక్కించినవారి బాధ్యత అక్కడితో అయిపోదు. ‘ట్రాక్01’ అని పేరున్న ఫైలు ఎవరిదో పదేళ్ల తర్వాత మీకే తెలియదు. పాడింది ఎవరు, ఏ ఊళ్లో, ఎవరి పెళ్లిలో, ఏ సంవత్సరం, వెనక హార్మోనియం ఎవరు, ఇవన్నీ ఫైలులోపలే తెలుగులో రాయండి. పాత ఎంపీ3 ట్యాగుల్లో పేరుకు 30 అక్షరాలకే చోటు, అదీ ఇంగ్లీషుకే. తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలు కనిపించేవి. అలా ఎన్నో పాటలు పేరు పోగొట్టుకున్నాయి. ఫ్లాక్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా పడుతుంది, ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. ఆ వివరాలు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి రాయండి. ఫ్లాక్ ఫైలు తన లోపలి శబ్దానికి ఒక సరిచూపు సంఖ్యను కూడా మోస్తుంది. ఏళ్ల తర్వాత ఫైలు చెడిందో లేదో దానితో తేల్చుకోవచ్చు. రెండు డిస్కుల్లో పెట్టండి, మూడోది వేరే ఊళ్లో ఉన్న బంధువుకు ఇవ్వండి.

మార్చకూడదని నేను అనడం లేదు, మార్చి తీరాల్సినవీ ఉన్నాయి. సోనీ వాయిస్ రికార్డర్లలో మిగిలిన డీవీఎఫ్ ఫైళ్లు, 1990ల చివర విదేశాల్లోని తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టుకుని విన్న రియల్ ఆడియో ఫైళ్లు, విండోస్ మీడియా ప్లేయర్ తాళం వేసి దాచిన డబ్ల్యూఎమ్ఏలు, వీటిని తెరిచే సాఫ్ట్‌వేరు ఒక్కొక్కటీ మూలపడుతోంది. తెరుచుకునే రోజులుండగానే ఒక్కసారి ఫ్లాక్‌లోకి తెచ్చి, పాత ఫైలును కూడా పక్కన ఉంచండి. డీవీఎఫ్‌లకు, తాళం వేసిన డబ్ల్యూఎమ్ఏలకు పనికిరావు కానీ, రియల్ ఆడియో ఫైళ్లకైతే వీఎల్‌సీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి ఉచిత సాధనాలు ఇంటి కంప్యూటరులోనే, ఇంటర్నెట్టు లేకుండానే ఈ పని చేస్తాయి. ఎవరిదో తెలియని ఉచిత కన్వర్టరు సైటుకు మీ అమ్మ గొంతును ఎక్కించకండి. అలాంటి సైట్ల చాటున కంప్యూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్లు చొరబడుతున్నాయని 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయమే హెచ్చరించింది.

గడువు కూడా దాటిపోతోంది. టేపులున్నా వాటిని ఆడించే యంత్రాలు, విడిభాగాలు, బాగుచేసే చేతులు కరువై, సుమారు 2025 నాటికి టేపులను మామూలుగా వినగలిగే రోజులు అయిపోతాయని యునెస్కో కొన్నేళ్ల కిందటే ప్రపంచమంతా చాటింది. ఆ గడువు వచ్చేసింది. మా ఉక్కపోతకి, వానాకాలపు చెమ్మకి అటక మీద టేపులకు బూజు పడుతోంది. టేపు రికార్డరు బాగుచేసే మెకానిక్ ఒకప్పుడు ప్రతి సెంటరులో ఉండేవాడు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు సెల్ ఫోన్ల దుకాణాల్లో కూర్చున్నారు, వాళ్లకూ వయసు మీదపడుతోంది.

నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లలకు ఒక మాట. 2008లో ఆ క్యాంపస్ వచ్చినప్పటి నుంచి పల్లెటూళ్ల పిల్లలు వేలమంది అక్కడ కంప్యూటర్లతో పెరిగారు. మీ అందరి ఇళ్లలో ఈ టేపులున్నాయి, లేదా మొన్నమొన్నటిదాకా ఉన్నాయి. సిగ్నల్ ప్రాసెసింగ్ పరీక్షలో శాంప్లింగ్ సిద్ధాంతం రాసి మార్కులు తెచ్చుకున్న చేతులే ఇంటికెళ్లి తాత హరికథను 64లో ఎక్కిస్తే ఆ చదువు దేనికి? మీ తరగతి గదుల పక్క ఊళ్లోనే వీణలు చేసే ఇళ్లున్నాయి. తయారైన ప్రతి వీణనూ అమ్మేముందు పది నిమిషాలు పూర్తి నాణ్యతతో రికార్డు చేసి, చేసిన చేతి పేరుతో దాచండి. మంచి మైకు, ఆడాసిటీ ఉంటే చాలు. దేవాలయ కమిటీలూ, నాటక సమాజాలూ, మీ బీరువాల్లో ఉత్సవాల టేపులున్నాయి. వాటిని సావనీరు సంచికకు ఫొటో తీసి ఊరుకోకండి, ఈ పిల్లలను పిలిచి అప్పగించండి.

ఇళ్లవాళ్లకు చెప్పేది ఒక్కటే. దుకాణానికి వెళితే 24 బిట్ల వేవ్ ఫైలు అడగండి. ఇవ్వనంటే క్యాసెట్టు తిరిగి తీసుకుని ఇంటికి రండి. ‘320 చేస్తాం’ అంటే అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడకండి. మాస్టరు ఎక్కించుకున్నాక కూడా టేపు పారేయకండి. ఎండ, చెమ్మ తగలని చోట నిలువుగా పెట్టి ఉంచండి. రేపు ఇంకా మంచి యంత్రం వస్తే మళ్లీ ఎక్కించడానికి ఆ టేపే కావాలి.